దుబాయికి పోవలసిన క్యాసెట్

సమ్మతి పత్రం అనే మాటలో ‘మతి’ ఉన్నది. ఆ పత్రాలను సంచి నిండ పెట్టుకొని ఊరూరు తిరిగిన నాకే అది లేకుండె. ఈ సంగతి ఒప్పుకోనికి నాకు చానా ఏండ్లు పట్టింది. ఒప్పుకున్నంక, ఇంకెవరో రాసేకంటె ముందే నేనే రాసుడు మంచిదనిపించింది. మనల్ని మనం తిట్టుకుంటే కనీసం తిట్లనన్నా మనమే ఏరుకోవచ్చు.

అప్పుడు కోరుట్ల బజార్లో నాకొక దుకాణం ఉండేది. దుకాణమంటే ఒక బల్ల, రెండు స్టూళ్లు, వెనుక పరదా కట్టిన చిన్న అర్ర. రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసేది. మా ఇంట్లో తాతల నాటి నుంచి తాటిచెట్లెక్కి కల్లు గీసుడే పని. నాయిన పొద్దున ఎక్కి దిగేది, మాపటికి ఎక్కి దిగేది. నేను డిగ్రీ ఎక్కబోయి మూడుసార్లు జారిన. “నడుముకు మోకు కట్టకుండ ఎక్కితే గట్లనే ఉంటదిరా,” అని నాయిన ఒక్క మాట అని ఊకున్నడు. ఆ డిగ్రీలో నేను గట్టెక్కిన సబ్జెక్టు ఒక్కటే, మనస్తత్వ శాస్త్రం. దాని వల్లనే ఈ తిప్పలంత.

దుబాయి కాలం అది. ఏ ఊరికి పోయినా పొలాలల్లో ఆడోళ్లే కనపడేది. మొగోడు మస్కట్లో ఉన్నా, సౌదీలో ఉన్నా మా దిక్కు ‘దుబాయిల’ ఉన్నట్టే లెక్క. ఫోన్లు ఇంకా ఇంటింటికి రాలేదు. ఉత్తరం రాయాలంటే ఇక్కడ రాసేటోడు కావాలె, అక్కడ చదివేటోడు కావాలె. అందుకని మా దిక్కు ఉత్తరాలను గొంతుతోనే రాసేది. క్యాసెట్లో మాట్లాడి, సెలవు మీద వచ్చి మళ్ల పోయేటోళ్ల చేతికిచ్చి పంపేది. సొంత టేపు లేనోళ్లు నా దుకాణానికి వచ్చేది. చుట్టుపక్కల ఊళ్ల ఆడోళ్లందరికీ నేను ‘క్యాసెట్ల తమ్మి’ని.

ఆ క్యాసెట్లకొక పద్ధతి ఉండేది. ముందుగాల అత్త కూచుంటది. “కొడుకా, నేను మంచిగున్న, నువ్వు మంచిగున్నవనుకుంటున్న” అని మొదలుపెట్టి, బర్రె ఈనిన సంగతి నుంచి మోకాళ్ల నొప్పుల దాక పోతది. తర్వాత మామ కొంచెంసేపు దగ్గుతడు. పిల్లలు పద్యాలు అప్పజెప్తరు. మరిది వాచీ పంపుమంటడు. టేపు ఇంక నాలుగు చుట్లు మిగిలిందనంగ పెండ్లాం వంతు వస్తది. చుట్టు అందరు నిలబడి చూస్తుంటే ఆమె ఏం మాట్లాడుతది? “ఇగో... ఇనవడ్తందా? మంచిగున్నం. పైలం.” అంతే, టక్కుమని టేపు ఆగేది. ఎంతమంది ఆడోళ్ల మాట ఆ టక్కు దగ్గర ఆగిపోయిందో నా కండ్లార చూసిన. చూసి, “ఇంకో క్యాసెట్ కొంటరా?” అని అడిగేది. వ్యాపారం మరి.

అట్లాంటి రోజుల్లో పట్నం నుంచి ఒక సారు వచ్చిండు. పెద్ద చదువు. మొగోళ్లు వలస పోతే ఇంటికాడున్న ఆడోళ్ల మనసు ఏమైతది, మగ్గాలు నడవక సిరిసిల్ల ఇండ్లల్లో మనుషులు ఎట్లున్నరు, ఇదీ ఆయన పరిశోధన. జగిత్యాలలో ఒక లాడ్జీలో దిగిండు. మంచి మనిషే. ఈ మాట ముందే చెప్తున్న, ఎందుకంటే తర్వాత నాకు చెప్ప బుద్ధి కాదు. మా కారానికి కండ్లనీళ్లు పెట్టుకునేది గాని, ఎవరింట్లో ఏం పెట్టినా కాదనకపోయేది. ఎవరో చెప్తే నా దుకాణం వెతుక్కుంటూ వచ్చి, “మీకు ఊళ్లు తెలుసు, టేపు తెలుసు, సైకాలజీ కూడా చదివారట. నాతో వస్తారా?” అన్నడు. నా జారిపోయిన డిగ్రీని గౌరవించినోడు లోకంలో ఆయనొక్కడే. పరదా దించి, తాళం వేసి ఆయన వెంట నడిచిన.

సారు దగ్గర ఒక కాయితం ఉండేది. ఈ పరిశోధన ఎందుకు చేస్తున్నరు, మాట్లాడుడు మాట్లాడకపోవుడు ఎవరి ఇష్టం, చెప్పిన మాటలు ఎక్కడికి పోతయి, అన్నీ రాసి కింద సంతకానికి ఒక గీత. చదువురానోళ్ల కోసమని ఆ కాయితాన్ని మొత్తం ఆయనే లాడ్జీ గదిలో కూచొని ఒక క్యాసెట్లో చదివిండు. రికార్డు చేసింది నేనే. గొంతు మంచిది, రేడియోలో వార్తలు చదివేటోళ్ల లెక్క. సరిగ్గ ఏడు నిమిషాలు. దాని మీద ‘పరిచయం’ అని చీటీ అతికించిన. మొదటి రెండు రోజులు ప్రతి ఇంట్లో ముందు అది వినిపించినం. జనం చేతులు కట్టుకొని విన్నరు. అయిపోయినంక ఒక ముసలామె, “మంచిగ సదివిండు. పాటలెప్పుడత్తయి?” అని అడిగింది.

మూడో రోజు సారే అన్నడు: “దీనికే సమయమంతా పోతోంది. మీరే క్లుప్తంగా చెప్పి సంతకాలు తీసుకోండి.”

క్లుప్తం చేసుట్లో నన్ను మించినోడు లేడు. ఏడు నిమిషాల మాటను నాలుగు మాటలకు దింపిన: “ఏం లేదక్కా, గిక్కడ ఏలుముద్ర.”

కథలాపూర్ దిక్కు ఒక ఊరు. ఏ ఊరో చెప్ప. అక్కడి ఒకామె నాకు కొత్త కాదు. అత్త వెంట రెండు మూడుసార్లు దుకాణానికి వచ్చింది. నాలుగు చుట్ల మనిషే ఆమె కూడా. మొగడు పోయి మూడేండ్లు దాటింది. ఇద్దరు పిల్లలు. ఇంట్లో బీడీలు చేసేది.

సారుకు ఒక నియమం ఉండేది. మాట్లాడేటప్పుడు ఇంటోళ్లు ఎవరు పక్కన ఉండద్దు. మంచి నియమమే. అందుకని సారు అత్తను బయట అరుగు మీదికి పిలిచి, మోకాళ్ల నొప్పుల గురించి శ్రద్ధగ అడుగుకుంట కూచున్నడు. పాపం, ఆమెకు అట్లాంటి శ్రోత జన్మలో దొరకలేదు. నేను లోపల టేపు పెట్టి, ఏలుముద్ర తీసుకొని, “అక్కా, బావ దూరమున్నడు గద. నీ మనసుల ఏమున్నదో అంత చెప్పు,” అన్న. దుకాణంలో ఏండ్ల నుంచి అందరితో ఇవే మాటలు అంటున్న.

ఆమె దర్వాజ దిక్కు చూసింది. “అత్త రాదా?”

“రాదక్కా.”

“టేపు మొత్తం నాకేనా?”

“నీకే.”

ఆమె ఒడిలో బీడీల చాట సర్దుకున్నది. “నీ కడుపు సల్లగుండ తమ్మీ,” అన్నది. ఆ దీవెన ఎందుకో నాకు అప్పుడే తెలవాల్సింది. రెండు బటన్లు కలిపి నొక్కి, దర్వాజ అవతల నిలబడ్డ. లోపలి నుంచి మొదటి మాట వినపడ్డది:

“ఇగో... ఇనవడ్తందా?”

మా దిక్కు ఆడోళ్లు మొగణ్ణి పేరు పెట్టి పిలువరు. ఆమె నోట్లో ‘ఇగో’ అంటే లోకంలో ఒక్క మనిషే. ఆమె సారుతో మాట్లాడుతలేదు, పరిశోధనతో మాట్లాడుతలేదు. మొగనితో మాట్లాడుతున్నది. మా ఊళ్లల్లో టేపు ముందు చెప్పిన మాట ఎటు పోతది? దుబాయికి పోతది. అందుల టేపు తెచ్చింది క్యాసెట్ల తమ్మి. ఇన్నేండ్లకు తమ్మి తన గోస చూసి, అత్త లేకుండ, మామ దగ్గు లేకుండ ఒక నిండు టేపు ఇప్పించిండని ఆమె అనుకున్నది. ఆ దీవెన దానికి.

అప్పుడే లోపలికి పోయి ఆపాల్సింది. అర అడుగు వేసిన కూడా. అరుగు మీది నుంచి సారు చేత్తో సైగ చేసిండు, కదలకు అని. నేను కదలలే. నేను నొక్కింది బటన్ అనుకున్న. ఆమె గొంతు నొక్కిన్నని తెలిసేసరికి చానా దినాలు పట్టింది.

టేపు ఒక దిక్కు మొత్తం నిండింది. మొదట్లో కత్తెర చప్పుడు కూడా ఉంటది, తునికాకు కత్తిరించుకుంటనే మాట్లాడింది. నడుమ ఎక్కడనో కత్తెర ఆగిపోతది. ఆమె చెప్పినయన్నీ ఇక్కడ రాయ. రాస్తే సారుకు, నాకు తేడా ఏమున్నది? మొన్న ఆమె ఇంటికి పోయి అడిగితే ఒక్క సంగతికి సెలవిచ్చింది. ఆ ఎండకాలంలో ఆమె పొలం కాడి బాయి దాక రెండుసార్లు పోయింది. రెండుసార్లు పిల్లలు యాదికొచ్చి మళ్లొచ్చింది. మొగనికి తప్ప పుట్టింటోళ్లకు కూడా చెప్పని మాట అది.

మా దిక్కు ఈ మాట బయటపడితే ముందుగాల మతి తప్పిందంటరు. తర్వాత కొండగట్టు గుట్ట మీద, అంజన్న గుడి కాడ నలభై రోజులు ఉంచి వస్తరు. అంజన్నను ఒక్క మాట అన, నేను కూడా మొక్కేటోణ్ణే. కాని మంచిగున్న మనిషిని ఆ పేరుతోని గుట్ట ఎక్కిస్తే, ఆమె దిగి వచ్చినంక కూడా ఊరు ఆమెను దిగనియ్యదు. పిల్లల్ని ఆమె చేతుల్లో పెట్టరు.

ఆ మాపటికి లాడ్జీలో సారు టేపు విన్నడు. ఆయన కండ్లల్లో నీళ్లు తిరిగినయి, ఈసారి కారానికి కాదు. “ఇంత సహజమైన మాట నేనెప్పుడూ వినలేదు,” అన్నడు.

“సార్, ఆమె మొగనికి చెప్తున్ననుకున్నది,” అన్న.

ఆయన టేపు వెనక్కి తిప్పిండు. “అందుకే ఇంత సహజంగా ఉంది,” అని నవ్విండు.

నేను కూడా నవ్విన. ఇది రాస్తుంటే చెయ్యి ఆగుతున్నది గాని, నవ్విన. రెండు రోజులు కూచొని ఆ టేపు మాట మాట నా చేతిరాతతోని నోటుబుక్కులో ఎక్కించిన కూడా.

నెల దినాలకు ఆమె కోరుట్ల కార్ఖానల బీడీలు ఇయ్యవచ్చి నా దుకాణం ముందల ఆగింది.

“తమ్మీ, నా క్యాసెట్ ముట్టిందా?”

నేను చేతిలోని రేడియోలోకి తల దూర్చిన.

“ఆయన ఉత్తరం రాపిచ్చిండు. బర్రెను అడిగిండు, బోరును అడిగిండు. నేను చెప్పిందాని మీద ఒక్క ముచ్చట లేదు. కోపమచ్చిందా ఏంది?”

“పోయేటోళ్లు దొరకలే అక్కా. వచ్చే వారం పంపుత,” అన్న.

రేడియో బాగుచేయొచ్చు గాని, అబద్ధాన్ని బాగుచేయ రాదు, ఇంకోటి అతికించాలె. ఆమె “జర జల్ది పంపు తమ్మీ” అని పోయింది. ఆమె మొగనికి కోపం వచ్చిందేమోనని ఇంకో వారం కుమిలింది. దానికి కూడా నేనే కారణం.

ఆ వారంలోనే సారు నన్ను సిరిసిల్ల తీసుకపోయిండు. మరమగ్గాలను అక్కడ సాంచలంటరు. ఒక్క షెడ్డులో పదో పన్నెండో నడిస్తే మనిషికి తన ఆలోచన తనకే వినపడది. అప్పటికే సగం షెడ్లు మూతపడ్డయి, మిగిలినయి ఒకరోజు నడిస్తే రెండు రోజులు పండుకునేది. మేము పోయిన షెడ్డులో పనిచేసే ఒకాయన పోయిన నెల పాణం తీసుకున్నడు. పక్క సాంచ మీది దోస్తును అడుగుదామని పోయినం. యాభై దాటిన మనిషి, చెవుల్లో దూది. సారుకు ఆ చప్పుడు పడక బయట నిలబడ్డడు. నేను కాయితం పట్టుకొని ఆయన చెవికాడికి పోయి అరిచిన:

“ఏం లేదు పెద్దన్నా, గిక్కడ సంతకం!”

ఆయన కూడా అరిచిండు: “ఏం లేనప్పుడు సంతకమెందుకు?”

అన్ని ఊళ్లు తిరిగితే నన్ను ఎవరు అడగని మాట.

ఆ పూట షెడ్డులో నడుస్తున్న ఒక్క సాంచ ఆయనదే, దాన్ని ఆపిండు. మీటర్ల లెక్కన బతికే మనిషి నడిచే సాంచను ఆపిండంటే, ఉడికే కుండను పొయ్యి మీది నుంచి దించినట్టే. “సదువు,” అన్నడు. “మొత్తం సదువు.”

చదివిన. ఆ కాయితాన్ని మొదటి నుంచి చివర దాక నేను చదువుడు కూడా అదే మొదటిసారి. ఆయన సాంచ మీది బట్టను బొటనవేలు, చూపుడువేలు నడుమ పట్టుకొని, తెగిన పోగు కోసం తడిమినట్టు తడుముకుంట వింటున్నడు. ‘మీకు ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు, అడిగితే మీ టేపు మీకు తిరిగి ఇస్తాం’ అన్న కాడికి వచ్చేసరికి ఆయన వేలు ఆగింది.

“ఇంకోసారి.”

ఇంకోసారి చదివిన.

“అంటే వద్దనచ్చా?”

“అనచ్చు.”

“అయితే వద్దు. వాని ముచ్చట వాని పెండ్లాం చెప్తే చెప్తది, లేకుంటే లేదు. నడుమ నేనెవణ్ణి?” సాంచ మీద చెయ్యి వేసి, మళ్ల నా దిక్కు తిరిగిండు. “పిలగా, గీ మాట ఎంతమందికి సదివి ఇనిపిచ్చినవ్?”

సాంచ ఇంకా ఆగే ఉన్నది. ఐనా నేను వినపడనట్టు మొఖం పెట్టిన.

ఆయన నవ్వి సాంచ నడిపిండు. బస్సెక్కినంక కూడా ఆ చప్పుడు నా తలలో ఆగలే. దుకాణంలో ఎంత మంది టేపులు బాగుచేసిన్నో గాని, నేనే పాడైపోయిన సంగతి ఒక మగ్గం కాడి మనిషి ఏలుతో తడిమి పట్టిండు.

మర్నాడు కథలాపూర్ దిక్కు ఆమె ఊరికి పోయిన. అత్త పక్కింట్లో ఉన్నది. ఆమె అరుగు మీద తునికాకు కత్తిరిస్తున్నది. నిలబడే మొత్తం చెప్పిన, కూచుంటే లేచి పోబుద్ధయితదేమోనని. టేపు దుబాయికి పోలేదు, పోయేటోళ్లు దొరకక కాదు, సారు దగ్గరున్నది, సారు విన్నడు, నేను రాసిన.

కత్తెర ఆగింది.

“నేను నా మొగనితోని మాట్లాడిన,” అన్నది. గొంతు పెంచలేదు. “నీ సారు నా మొగడా?”

“కాదక్కా.”

“నువ్వు చెప్పినవ్ గద, నీ మనసుల ఏమున్నదో చెప్పుమని. నా మనసు నీ సారుకెందుకు? ఆయనకు మనసు లేదా?”

“తప్పయింది.”

“నేను కాయితం చూసి ఏలు పెట్టలే తమ్మీ. నిన్ను చూసి పెట్టిన. ఇంకెవలన్న అస్తే నోరిప్పేదాన్నే కాదు.” పక్కింటి దిక్కు ఒకసారి చూసి గొంతు ఇంకా తగ్గించింది. “మా మరిది చెవుల వడ్డదనుకో, రేపు మాపు నన్ను గుట్ట మీద కూసోవెడుతడు. నా పిల్లలు నాకు దక్కరు. నా టేపు నాకు తెచ్చియ్యి.”

“తెస్త అక్కా.”

“ఎప్పుడు?”

“తెస్త.”

“గదే అడుగుతున్న, ఎప్పుడు?”

సంచిలోంచి ఒక తెల్ల కాయితం తీసి, ఆమె చెప్తుంటే రాసిన: నా టేపు నేను వాపసు తీసుకుంటున్న, నా మాటలు ఎవరికీ వినిపించద్దు, ఎక్కడా రాయద్దు. రెండుసార్లు చదివి వినిపించిన. మూడోసారి చదవబోతే, “నాకు చెవులున్నయి,” అని ఏలుముద్ర వేసింది.

జగిత్యాలలో సారు సభ ఏర్పాట్లలో ఉన్నడు. ఇంకో పది రోజులకు అధికారులను, టీచర్లను, దవాఖాన మనుషులను పిలిచి తన పరిశోధన చెప్పాలె. మండలాల వారీగ పిలుపుల జాబితా బల్ల మీద ఉన్నది. కథలాపూర్ కింద ఆమె మరిది పేరు ఉన్నది. ఆయన టీచరు.

“ఆమె టేపే సభకు ప్రాణం,” అన్నడు సారు. “పది నిమిషాలు వినిపిద్దాం.”

“సార్, ఆమె వాపసు అడుగుతున్నది.” ఏలుముద్ర కాయితం ముందల పెట్టిన.

ఆయన చదివి పక్కన పెట్టిండు. “ఎందుకు భయం? ఆమె పేరు ఎక్కడా చెప్పడం లేదు కదా.”

“గొంతు ఉన్నది గద సార్.”

“గొంతుకు పేరుండదు.”

“మా దిక్కు ఉంటది సార్. మూడేండ్లకోసారి కనపడే మనుషులను మేం గొంతుతోనే గుర్తుపడుతం. ఆమె మరిది మీ జాబితాల ఉన్నడు.”

సారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. “చూడండి. ఆ గొంతు ఆ హాల్లో వినపడితే అధికారులు కదులుతారు. ఆమె లాంటి ఎందరికో మేలు జరుగుతుంది. ఒక్కరి మొహమాటం కోసం ఆపమంటారా?”

నా జవాబులు ఎప్పుడు కూడా బస్సు దిగినంకనే వస్తయి. కోరుట్లలో దిగి ఇంటికి పోతే నాయిన పెరట్లో కల్లు లొట్లు కడుగుతున్నడు. సంగతి ఆమెది అని చెప్పకుండ, ఒక్కటే అడిగిన: “నాయినా, తాటిచెట్టుకు కట్టిన పరాయోళ్ల లొట్టిని ఎవరన్న దప్పికై దించుకుంటే?”

“ఎవల లొట్టి వాళ్లదేరా. దప్పికైతే కింద నిలవడి అడగాలె. ఎక్కి దించుకోవద్దు.”

“దించుకున్నోడు మంచోడే అనుకో. పది మందికి పోద్దామని దించుకున్నడు.”

నాయిన లొట్టి బోర్లించి నా దిక్కు చూసిండు. “మంచోడైతే అడుగుతుండె గదరా.”

మర్నాడు అదే మాట జగిత్యాలకు మోసుకపోయి సారుకు చెప్పిన. “సభ అయిపోనివ్వండి, తర్వాత చూద్దాం,” అన్నడు. తర్వాతంటే ఆమె గుట్ట ఎక్కినంక. ఇంకోసారి అడిగిన. ఈసారి విసుక్కున్నడు. మంచిది, అనుకున్న. పద్ధతి ప్రకారం మూడుసార్లు అడిగిన. మూడుసార్లు పరీక్ష తప్పుడు నాకు అలవాటే, నాలుగోసారి రాసేటోణ్ణి కాదు.

సభకు రెండు రోజుల ముందల సారు టేపుల సంచి నా చేతికిచ్చిండు: “అన్నీ సరిచూసి పెట్టండి. ఆ టేపు సరైన చోటికి తిప్పి ఉంచండి.”

సరైన చోటికే తిప్పిన. మర్నాడు ఆమె బీడీలు ఇయ్యవచ్చింది. టేపు చేతికిచ్చి, నోటుబుక్కులోంచి చింపిన కాయితాలు కూడా ఇచ్చిన. రాసింది నా చేతిరాతే గనక చింపే హక్కు నాకున్నదనుకున్న. ఆమె ఆ కాయితాలను అక్కడనే చాయ్ కొట్టు పొయ్యిలో పెట్టించింది. టేపు మాత్రం వింటనన్నది. లోపలి అర్రలో కూచోబెట్టి, పరదా దించి, ఈసారి నేను దర్వాజ కాడ కాదు, బజార్ అవతల బట్టల దుకాణం ముందర నిలబడ్డ. చానాసేపటికి ఆమె బయటికి వచ్చింది.

“దుబాయికి పోయేటోళ్ల పేరు నువ్వు చెప్పకు. నేనే చూసుకుంట,” అన్నది. పుట్టింటి ఊరి మనిషి ఒకడు సెలవు అయిపోయి పోతుంటే ఆమెనే అతని చేతిలో పెట్టింది. మూడు నెలలకు మొగని దగ్గర నుంచి మారు క్యాసెట్ వచ్చింది. దాన్ని నా దుకాణంలనే విన్నది, పరదా దించుకొని. అందులో ఏమున్నదో నేను అడగలే. అడగకుండ ఉండుడు నేర్చుకోనికి నాకంత కాలం పట్టింది. పరదా తీసుకొని వచ్చి, “ఇంకో క్యాసెట్ ఉన్నదా తమ్మీ?” అన్నది. ఉన్నది. అమ్మలే, ఇచ్చిన.

ఇది ముందుకు ఉరికిన మాట. సభ సంగతి మిగిలిపోయింది.

ఆమె టేపు పోయినంక దాని డబ్బా ఖాళీగ ఉన్నది. ఖాళీ డబ్బా చూస్తే చేయి ఊకుండదు, దుకాణదారు గుణం అది. సంచి అడుగున ఒక క్యాసెట్ మొదటి రెండు రోజుల నుంచి ఎవరు వినక పడి ఉన్నది. దాన్ని తుడిచి ఆ డబ్బాలో పెట్టిన. ఆమె ఏలుముద్ర కాయితం సారు ఫైల్లో అన్నిటి కంటె పైన పెట్టిన.

జగిత్యాలలో హాలు నిండింది. ముందు వరుసలో అధికారులు, వెనుక టీచర్లు. ఆమె మరిది మూడో వరుసలో, పెన్ను మూత తీసి కూచున్నడు. సారు మంచిగ మాట్లాడిండు, అది కాదన. చివరికి గొంతు దించి, “ఇప్పుడు మీరు ఒక గొంతు వింటారు. దయచేసి నిశ్శబ్దంగా వినండి. ఇది నిజమైన గొంతు,” అని నా దిక్కు తల ఊపిండు.

బటన్ నొక్కిన.

కొంచెం గర్రుమన్నది. తర్వాత హాలంతా నిండుగ, రేడియో వార్తల లెక్క, సారు గొంతు:

“నమస్కారం. ముందుగా ఒక మాట. మీరు మాతో మాట్లాడటం పూర్తిగా మీ ఇష్టం. మీ మాటలను మీ అనుమతి లేకుండా ఎవరికీ వినిపించం...”

సారు నోరు కొంచెం తెరుచుకున్నది. ముందు వరుసలో ఒకాయన ఇదే కార్యక్రమం అనుకొని మెచ్చుకున్నట్టు తల ఊపిండు. మూడో వరుసలో మరిది గబగబ రాసుకుంటున్నడు. “మీకు ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు,” అంటున్నది గొంతు. “అడిగితే మీ టేపు మీకు తిరిగి ఇస్తాం.” వెనుక నుంచి ఎవరో, “మంచి మాట చెప్పిండు సారు,” అన్నరు, నలుగురు చప్పట్లు కొట్టిన్రు.

తన గొంతును తానే ఆపుమని అంతమందిలో ఎట్ల అంటడు? నవ్వు మొఖంతోనే మెల్లగ నా పక్కకు వచ్చి, పండ్ల సందు నుంచి అడిగిండు: “ఏమిటిది?”

బటన్ మీద నా చెయ్యి అట్లనే పెట్టుకొని చెప్పిన:

“ఏం లేదు సార్. ఏడు నిమిషాలే.”